బొమ్మ కింద పేరు

గ్యాలరీ నడిమి గోడ మీద కండక్టరమ్మ వేసిన బొమ్మ. దాని కింద బొమ్మలమ్మ పేరు. పోయిన వారం మనం ఆమెను వదిలి వచ్చింది ఆ గోడ ముందే.

కొత్తగా అందుకుంటున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. బొమ్మలమ్మ చిత్రకారిణి. ఆడవాళ్ళ జైలుకు వెళ్ళి బొమ్మలు వేయడం నేర్పుతుంది. ఆ పేరు అక్కడివాళ్ళు పెట్టిందే. చాలా ఏళ్ళ తర్వాత ఆమె సొంత బొమ్మల ప్రదర్శన ఒకటి కుదిరింది. కండక్టరమ్మ జైల్లో ఆమె శిష్యురాలు. ఒకప్పుడు సిటీ బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. డిపోలో కంట్రోలరును చంపిన నేరానికి యావజ్జీవ శిక్ష అనుభవిస్తోంది. ఆమె బొమ్మను జైలు వార్షికోత్సవంలో పెడదాం, ఫ్రేము కట్టించుకు రమ్మని సూపరింటెండెంటే బొమ్మలమ్మ చేతికిచ్చింది. అది ఇంట్లో పనిగదిలో గోడకు ఆనించి ఉంది. ఆమె జైల్లో పాఠం చెబుతున్న వేళ గ్యాలరీ మనుషులు వ్యాను వేసుకుని ఇంటికొచ్చారు. భర్త తలుపు తీశాడు. గదిలో ఉన్నవన్నీ భార్యవే అనుకున్నాడు. వాటితో పాటు అదీ వ్యానెక్కింది.

ఇప్పుడు అది ఆమె కళ్ళ ముందుంది. సగం చీకట్లో ఆగిపోయిన బస్సు, వెనక మెట్ల మీద నిలబడి చూసినట్టు. అటూ ఇటూ ఖాళీ సీట్లు. మధ్య దారిలో ముందుకు నడుస్తున్న ఒక మగవాడి వీపు. ఆ వీపు బొమ్మలో సగం ఆక్రమించుకుని చూసేవాళ్ళకు ఊపిరాడనివ్వదు. దూరంగా, డ్రైవరు తల మీదుండే అద్దంలో, గోరంత మొహం ఒకటి.

"ఎవరు పెట్టమన్నారు దీన్ని ఇక్కడ?" అంది బొమ్మలమ్మ.

గ్యాలరీ యజమాని నిచ్చెన పక్కన నిలబడి లైటు సరిచేయిస్తున్నాడు. ఆమె గొంతులో తేడా అతనికి తెలియలేదు.

"నడిమి గోడ ఇంకెవరికిస్తాం మేడమ్? నిజం చెప్పనా, మీరేమనుకున్నా సరే. ఇన్నేళ్ళలో మీరు వేసినవాటిలో దీన్ని మించింది లేదు. మిగతావీ బాగుంటాయి, కాదనను. చూస్తారు, బాగుందంటారు, కాఫీ తాగడానికి వెళ్ళిపోతారు. దీని ముందు మాత్రం కాళ్ళు కదలవు. నిన్న పేపరు విమర్శకుడు వచ్చి ఎంతసేపు నిలబడ్డాడో!"

"ఇది నేను వేసింది కాదు."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి నవ్వు ఆపాడు. లైటు పట్టుకున్న పనివాణ్ణి బయటికి పంపించాడు.

"సంతకం లేకపోతే, హడావిడిలో మర్చిపోయారనుకున్నా," అన్నాడు. "వెనక జైలు ముద్ర చూసి మురిసిపోయాను కూడా. జైలు దుప్పటి మీద బొమ్మ వేయడం! ఎంత గొప్ప ఆలోచన అని..."

"ఆలోచన కాదది. వాళ్ళకు దొరికేది ఆ గుడ్డ ఒక్కటే. చిరిగిన దుప్పట్లకు జిగురు పూసి, ఆరబెట్టి వేస్తారు."

అతను గడ్డం గోక్కున్నాడు. తర్వాత అడిగిన ప్రశ్నే ఆమె కోపానికి నిప్పంటించింది.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"అంటే?"

"అంటే ఏం లేదు. ఫోటో పేపరుకి వెళ్ళిపోయింది, రేపు పొద్దున వచ్చేస్తుంది. సాయంత్రం ప్రారంభం. ఇప్పుడు కాదంటే మీ పరువూ పోతుంది, నా పరువూ పోతుంది. ప్రదర్శన అయ్యేదాకా ఊరుకోండి. తర్వాత చడీచప్పుడు లేకుండా తీసుకెళ్ళి ఇచ్చేద్దాం. లోపలున్న మనిషికి ఏం తెలుస్తుంది? అయినా నేర్పింది మీరు. రంగులు మీవి. చెయ్యి పట్టుకుని దిద్దించింది మీరు. ఒకరకంగా చూస్తే ఈ బొమ్మ మీదే."

"మీ అబ్బాయికి ఓనమాలు దిద్దించిన పంతులు వచ్చి, వాడి ఉద్యోగం నాది, రేపట్నుంచి ఆ కుర్చీలో నేను కూర్చుంటానంటే కూర్చోబెడతారా?"

అతను తనకు బాగా అలవాటైన పని చేశాడు. ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె ఆ చేతిని చూసిన చూపుకు అది గాల్లోనే ఆగిపోయింది.

"రేపు నేను వచ్చేసరికి ఈ గోడ మీద నా పేరు ఉండకూడదు," అని చెప్పి బయటికి నడిచింది. మారాం చేసే పిల్లను చూసినట్టు అతను తలూపడం ఆమె గాజు తలుపులో చూసింది.

* * *

ఇంట్లో భర్త వంట గట్టు దగ్గర కూరగాయలు తరుగుతున్నాడు. అతను రేడియోలో వార్తలు చదువుతాడు. ఎంత ఘోరం జరిగినా ఒకే గొంతుతో చెప్పడం అతని వృత్తి. ఇంట్లో కూడా ఆ గొంతు మారదు. ఇవాళ ఆమెకు అదే ఒళ్ళు మండించింది.

"ఇన్నేళ్ళు కాపురం చేశావు. నా బొమ్మ ఏదో, ఇంకొకళ్ళ బొమ్మ ఏదో తెలియలేదా నీకు?"

అతను కత్తి పక్కన పెట్టాడు. "తిట్టనంటే ఒకటి చెప్తా."

"తిడతాను. చెప్పు."

"అదొక్కటే నీదనుకున్నా. మిగతావే ఎవరివో అనిపించాయి. నీకు కోపం వచ్చినప్పుడు నువ్వెలా ఉంటావో నాకు తెలుసు కదా. ఆ బస్సు బొమ్మ అలా ఉంది. మిగతావన్నీ, చుట్టాలు వచ్చినప్పుడు నువ్వు మాట్లాడేట్టున్నాయి."

ఆమె తిట్టలేదు. పనిగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

గది ఖాళీగా ఉంది. గోడలకు బొమ్మలు ఆనించిన చోట రంగు మరకలు మాత్రం మిగిలాయి. జైలు పాఠం, సొంత పని, ఈ రెండిటినీ రెండు చేతుల్లో పట్టుకుని నడుస్తున్నానని ఆమె అందరికీ గర్వంగా చెప్పుకునేది. నిజానికి ఏ చెయ్యీ ఖాళీగా లేక ఏదీ గట్టిగా పట్టుకోలేకపోతోంది. జైలుకు వెళ్ళొచ్చిన రోజు కుంచె పట్టబుద్ధి కాదు. అక్కడి మాటలు, ఏడుపులు, తిట్లు తలలో తిరుగుతుంటే తెల్ల గుడ్డ ముందు కూర్చోవడం సిగ్గుగా ఉంటుంది. పనిలో పడిన రోజు జైలుకు వెళ్ళాలంటే విసుగు. వెళ్ళనన్న రోజు అక్కడ ఆడవాళ్ళు బల్లల ముందు ఎదురుచూస్తూ కూర్చున్నారని తెలిసి అన్నం సహించదు. ఈ లాగులాటలో ఆమె బొమ్మలు మెల్లగా మర్యాదస్తులైపోయాయి. గొంతెత్తడం మానేశాయి. పొద్దంతా వేరేవాళ్ళ కోపాన్ని మోసి ఇంటికి తెచ్చేది, గుమ్మం దగ్గర దించేసి, కాళ్ళు కడుక్కుని లేత రంగులు కలుపుకునేది. గ్యాలరీవాడు చెప్పిందీ అదే, మొగుడు చెప్పిందీ అదే. ఇద్దరి మీదా కోపం తీరకపోవడానికి కారణం వాళ్ళు చెప్పింది అబద్ధం కాకపోవడమే.

* * *

మర్నాడు పొద్దున జైలు గేటు దగ్గర ఎప్పటిలాగే సంచి తీసి బల్ల మీద పెట్టింది. గాజు సీసాలు లేవు, చాకు లేదు, కంపు కొట్టే నూనెలు లేవు. తనిఖీ చేసే గార్డు ఇవాళ సంచి సరిగ్గా చూడనే లేదు. నోరంతా తెరిచి నవ్వింది.

"పేపర్లో పడ్డారుగా మేడమ్! ఎంత పెద్ద ఫోటో! మా లైబ్రరీలో ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళు లాక్కుంటున్నారు."

బొమ్మలమ్మ ముందుగా తానే వచ్చి చెప్పుకుందామనుకుంది. పేపరు ఆమె కంటే ముందే లోపలికి వెళ్ళిపోయింది.

పాఠం జరిగేది పాత కుట్టు మిషన్ల షెడ్డులో. మిషన్లు ఎప్పుడో తీసేశారు, బల్లలకు వాటి బిగింపు కంతలు మిగిలాయి. ఆ కంతల్లో ఆడవాళ్ళు కుంచెలు నిలబెడతారు. మామూలుగా ఆమె అడుగు పెట్టేసరికి షెడ్డంతా కాకులగోలగా ఉంటుంది. ఇవాళ చప్పుడు లేదు. అందరూ గోడ వారగా నిలబడ్డారు. మధ్య బల్ల మీద పేపరు పరిచి ఉంది. దాని వెనక కండక్టరమ్మ, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని.

"రండి రండి," అంది, బస్సులో అరిచిన పాత గొంతుతో. "లోపలికి జరగండి. అక్కడే నిలబడితే ఎలా? చోటుంది, లోపలికి జరగండి."

బొమ్మలమ్మ వెళ్ళి బల్ల ముందు నిలబడింది.

"ఈ బొమ్మ ఎవరిది?"

"నీది."

"వెనక సీటువాళ్ళకి వినపడలేదు."

"నీదే కండక్టరమ్మా. జరిగిందేంటంటే..."

"ఆగండి. నీదే అంటున్నారు కదా. మరి ఇక్కడ ఇంకేదో ఉందే? నాకు చదువు తక్కువేం కాదు, చదువుతా వినండి. 'చిత్రకారిణి అద్భుతమైన ఊహ.' ఊహ!" పేపరు మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. కంతల్లో కుంచెలు ఎగిరి పడ్డాయి. "నేను నిలబడ్డ మెట్టు. నా ముక్కులోకి పోయిన డీజిలు కంపు. నా కళ్ళతో చూసిన వీపు. మీకు ఊహ!"

బొమ్మలమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. వ్యాను వచ్చింది, భర్త తలుపు తీశాడు, గ్యాలరీవాడు పేరు రాయించాడు, తానేం చెప్పిందీ, వాడేమన్నదీ. చెబుతున్నకొద్దీ ఒక్కో మాట ఒక్కో సాకులా వినపడుతోందని ఆమెకే తెలుస్తోంది.

"పొరపాటు," అంది కండక్టరమ్మ. "బాగుంది. నా విషయంలో అందరూ పొరపాట్లే చేశారమ్మా. శిక్ష ఒక్కటే పొరపాటు లేకుండా పడింది."

"నేను సరిచేస్తాను. ఇవాళ సాయంత్రమే..."

"ఏం సరిచేస్తారు? బొమ్మ తీసుకోండి, పేరు తీసుకోండి, తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఇక్కడ ఏది నాది గనక? చీర వాళ్ళది, కంచం వాళ్ళది, నిద్రపోయే వేళ వాళ్ళది. కాని ఇది బొమ్మ కాదు." పేపరు మీదికి వంగి, అద్దం ఉన్న చోట వేలు పెట్టింది. అచ్చులో ఆ మొహం సిరాచుక్కలా ఉంది. "ఇదెవరనుకున్నారు?"

"నువ్వే అనుకున్నా."

"నా మొహం ఇంత చిన్నగా ఉందా?"

గోడ వారగా ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆపుకున్నారు.

కండక్టరమ్మ నవ్వలేదు. బల్ల మీద కూర్చుంది. గొంతు దించి చెప్పింది. అరుపు కంటే అది వినడమే కష్టమైంది.

"మా డిపోలో కొత్తగా చేరిన పిల్ల. డ్యూటీ దిగాక నాతో కలిసి ఇంటికెళ్ళేది. ఆ రోజు బస్సు లోపల పెట్టేశాం. డ్రైవరు వెళ్ళిపోయాడు. పిల్ల ముందు సీట్లో బ్యాగు సర్దుకుంటోంది. నేను వెనక మెట్ల మీదున్నా, ఒక కాలు కింద పెట్టేశాను కూడా. కంట్రోలరు నన్ను తోసుకుంటూ ఎక్కాడు. వాడు ఎలాంటివాడో డిపోలో ఆడవాళ్ళందరికీ తెలుసు. మధ్య దారంతా నిండిపోయి ముందుకు పోతున్నాడు. వాడి వీపు అడ్డం, పిల్ల కనపడట్లేదు. అద్దంలో మాత్రం మొహం కనపడింది. 'అక్కా' అంది. ఇంకేం అనలేదు. దిగిపోయి ఉండొచ్చు నేను. తలుపు తెరిచే ఉంది. దిగలేదు. సీటు కింద జాకీ రాడ్డు ఉంటుంది. తీశాను. కొట్టాను. కొట్టలేదని ఎప్పుడూ అనలేదు."

కండక్టరమ్మ పేపరును పక్కకు నెట్టింది.

"కోర్టులో అడిగారు. తలుపు తెరిచి ఉంటే నువ్వెందుకు దిగిపోలేదు అని. లోపల ఆ పిల్ల ఉంది కదా అన్నా. పిల్లను పిలిచారు. బోనెక్కింది. నా వైపు తలెత్తకుండా, నేను ఆ బస్సులో లేనండి, ముందే ఇంటికెళ్ళిపోయానండి, అంది. డిపో అంతా అదే పాట. ఎవరి ఉద్యోగం వాళ్ళకి తీపి. అంతే, నేను ఏ కారణం లేకుండా మనిషిని వెనక నుంచి కొట్టి చంపినదాన్నయ్యాను."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అంది బొమ్మలమ్మ.

కండక్టరమ్మ తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తడి లేదు.

"మీరు అడిగారా? రంగు పల్చనైంది, ఇంకో పూత వెయ్యి అన్నారు. నీడ ఎటు పడుతుందో చూసుకో అన్నారు. వీపు మరీ పెద్దదైంది, తగ్గిస్తావా అన్నారు. తగ్గించనన్నా. ఎందుకని అడగలేదు. వార్షికోత్సవానికి జడ్జీలొస్తారు, లాయర్లొస్తారు. ఇదేంటమ్మా అని ఒక్క మనిషి ఆగి అడిగితే చాలు, చెప్దామని వేశాను. నోటితో చెప్తే నమ్మలేదు కదా, కళ్ళతోనైనా చూస్తారని. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఏమంటారు? పేపర్లో టీచరు బొమ్మ చూసింది, దానికో కథ అల్లుకుంది అంటారు. నా సాక్ష్యం మీ ఊహ అయిపోయింది. అర్థమైందా మీకు?"

అర్థమైంది. బొమ్మలమ్మ అక్కణ్ణించి సూపరింటెండెంటు గదికి నడిచింది.

* * *

సూపరింటెండెంటు గది చల్లగా, శుభ్రంగా ఉంటుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. బొమ్మల తరగతి పెట్టనిచ్చిందే ఆమె. బొమ్మలమ్మ చెప్పిందంతా వేళ్ళ చివరలు కలిపి పట్టుకుని విన్నది.

"మీరీ మాటలు నాకు చెప్పలేదు. నేను వినలేదు," అంది చివరికి.

"ఎందుకు?"

"వింటే నేనొక చర్య తీసుకోవాలి కాబట్టి. ఖైదీ బొమ్మ బయట అమ్మకానికి వేలాడుతోందా? ఎవరు తీసుకెళ్ళారు? ఎవరి అనుమతితో?"

"మీ అనుమతితో. మీరే కదా నా చేతికిచ్చింది!"

"ఇచ్చాను. నోటిమాటగా ఇచ్చాను. అదే నా తప్పు. పైవాళ్ళకి ఈ తరగతంటే మొదటి నుంచీ పడదు. నేరస్తులకి రంగులేంటి అంటూ సాకు కోసం ఎదురుచూస్తున్నారు. మీరు సాయంత్రం అక్కడ గొంతెత్తారనుకోండి, రేపు ఈ షెడ్డుకి తాళం పడుతుంది. గేటు దగ్గర మిమ్మల్ని లోపలికి రానివ్వరు. మీకేం, మీ గ్యాలరీ ఉంది, మీ పేరుంది. నష్టం వీళ్ళకి."

"అంటే నోరు మూసుకుంటే తరగతి ఉంటుంది, ఆవిడ నిజం పోతుంది. నోరు తెరిస్తే తరగతి పోతుంది. ఇదేగా మీరు చెప్పేది?"

"నేనేం చెప్పట్లేదు. మిమ్మల్నే ఆలోచించుకోమంటున్నా." లేచి నిలబడింది, ఇక వెళ్ళొచ్చన్నట్టు. "సాయంత్రం నన్నూ పిలిచారు. వస్తాను. మంచి మాటలు వినడానికే వస్తాను."

బొమ్మలమ్మ తిన్నగా గేటుకు వెళ్ళలేదు. మళ్ళీ షెడ్డుకు వచ్చింది. ఆడవాళ్ళందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పింది. నేను నిజం చెబితే ఈ తరగతి మూస్తారు. మీ కుంచెలు, మీ రంగులు, ఈ కాసేపటి వెలుతురు పోతాయి. ఆవిడ ఒక్కదాని కోసం మీ అందరిదీ తీసే హక్కు నాకు లేదు. మీరు చెప్పండి.

కండక్టరమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. తన కోసం ఎవరినీ అడగడం ఆమెకు చేతకాదు.

మూల నుంచి చిలకలావిడ లేచింది. వచ్చిన రోజు నుంచి ఆమె చిలకలు తప్ప ఇంకోటి వేయలేదు. ఒక్కటీ చిలకలా ఉండదు. కొన్ని కోడిలా ఉంటాయి, కొన్ని టీ కెటిల్‌లా ఉంటాయి.

"నాకింకా చిలక రాలేదు," అంది మెల్లగా. "రాకపోతే పోనీ. మీరు చెప్పండమ్మా."

* * *

సాయంత్రం గ్యాలరీ నిండిపోయింది. బొమ్మ అక్కడే ఉంది. కింద పేరూ అక్కడే ఉంది, ఇప్పుడు దాని మీద చిన్న లైటు కూడా వెలుగుతోంది.

యజమాని మైకు పట్టుకుని మాట్లాడుతున్నాడు. జైలు గోడల మధ్య తిరిగి వచ్చిన ఒక సున్నితమైన మనసు, ఆ చీకటిని తన ఊహతో ఎలా వెలిగించిందో చెబుతున్నాడు. ఊహ అన్న మాట అతని నోట్లోంచి వచ్చిన ప్రతిసారీ బొమ్మలమ్మ చెవుల్లో పేపరు మీద పడ్డ అరచెయ్యి చప్పుడు వినపడింది. ముందు వరసలో సూపరింటెండెంటు, యూనిఫాం లేకుండా, ముచ్చటైన చీరలో. వెనక భర్త, గోడకు ఆనుకుని.

"ఇప్పుడు మేడమ్ రెండు మాటలు..."

ఆమె మైకు దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా నడిమి గోడ దగ్గరికి వెళ్ళింది. పేరున్న అట్టముక్కను గోళ్ళతో పీకింది. గట్టిగా అంటించారు. సగం వచ్చి సగం మిగిలింది. మిగతా సగాన్నీ గీకి గీకి ఊడబెరికింది. గోడ సున్నం కింద పడింది.

"ఇది నేను వేసిన బొమ్మ కాదు," అంది. మైకు అవసరం లేకపోయింది. "నాకు ఇంత ధైర్యం లేదు. దీన్ని వేసింది జైల్లో ఉన్న ఒక బస్సు కండక్టరు. చిరిగిన దుప్పటి మీద వేసింది. ఊహించి వేయలేదు, చూసింది వేసింది. ఈ సంగతి నిన్ననే ఈయనకు చెప్పాను." యజమాని వైపు వేలు చూపింది. "ఇంకెవరికి తెలుసు అని అడిగాడు. ఇప్పుడు మీ అందరికీ తెలుసు. మిగతా గోడల మీదున్నవి నావి. చూస్తే చూడండి, లేకపోతే లేదు. వచ్చినవాళ్ళు దీని ముందు మాత్రం ఆగండి. ఆగి, ఇదేంటని అడగండి. ఆవిడకు కావలసింది అదే."

ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయి మానుకున్నారు. యజమాని మైకు కట్టేసి, పళ్ళ బిగువున, "మీ పని అయిపోయింది. ఈ ఊళ్ళో ఇంకో గోడ దొరకదు మీకు," అన్నాడు.

"దొరక్కపోతే వీధి గోడలున్నాయి," అంది ఆమె.

సూపరింటెండెంటు లేచి దగ్గరికి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. "నేను చెప్పాను మీకు. చెప్పినా వినలేదు. రేపట్నుంచి మీరు రావక్కర్లేదు," అని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని వీధి తలుపు వైపు నడిచింది.

అప్పుడే ఆ తలుపు విసురుగా తెరుచుకుంది. గోడకు కొట్టుకుని దడేలుమంది.

లోపలికి వచ్చినావిడ పెళ్ళయి, కాస్త ఒళ్ళు చేసి, చూడగానే ఉద్యోగస్తురాలని తెలిసేలా ఉంది. భుజాన డిపో బ్యాగు. పరిగెత్తుకొచ్చిందేమో ఆయాసపడుతోంది. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ నడిమి గోడ దాకా వచ్చి, బొమ్మను ఒక్క చూపు చూసి, వెంటనే కళ్ళు తిప్పేసుకుంది.

"ఎవరండీ దీన్ని వేసింది? పేపర్లో ఉన్నావిడ ఎవరు? మీరేనా?" అంది బొమ్మలమ్మతో. "ఎవర్ని అడిగి పెట్టారు నా మొహం? నాకు మొగుడున్నాడు, అత్తగారుంది, ఆఫీసులో నలుగురిలో తిరిగేదాన్ని. నా పరువు ఏం కావాలి? కేసు పెడతాను మీ మీద. నేను ఆ బస్సులో లేను. కోర్టులోనే చెప్పాను. ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి నేను, లేనూ లేనూ అని?"

గదిలో అందరి తలలూ బొమ్మ వైపు తిరిగాయి. ముందున్నవాళ్ళు వంగి చూశారు. ఒకాయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

బొమ్మలమ్మకు పొద్దుటి నుంచి ఒంట్లో మండుతున్నది ఆ క్షణంలో చల్లబడలేదు. కుదురుకుంది. ఒకే చోట, కొలిమిలో నిప్పులా. ఆమె అరవలేదు.

"అమ్మా," అంది, "నేను ఎవరి పేరూ చెప్పలేదు. అద్దం మాటే ఎత్తలేదు. పేపర్లో అది సిరాచుక్కంతే ఉంది. ఇక్కడున్నవాళ్ళందరూ ముక్కు ఆనించి చూసినా అది ఆడో మగో చెప్పలేకపోతున్నారు. నాకే ఇవాళ పొద్దుటిదాకా తెలియదు. ఆ మొహం నీదని నీకెవరు చెప్పారు?"

వచ్చినావిడ బ్యాగు పట్టీని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఒక్కసారి వెనక్కి, వచ్చిన దారి వైపు చూసింది.

వీధి తలుపు దగ్గర సూపరింటెండెంటు ఇంకా వెళ్ళలేదు. గడియ మీద వేసిన చెయ్యి అలాగే ఉంది. ఆ చేత్తో తలుపును మెల్లగా దగ్గరికి నెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"చెప్పమ్మా," అంది. "ఆ జవాబు నాకూ కావాలి."